వేరుశనగ జీనోమ్‌లో పాత రెట్టింపుల జాడ తీయడం: అంచెలంచెలుగా

2000 డిసెంబరులో అరబిడోప్సిస్ అనే ఆవాల కుటుంబపు మొక్క జీనోమ్, అంటే దాని మొత్తం డీఎన్ఏ వరుస, వెలువడింది. పూల మొక్కలన్నిటిలో ముందుగా దాన్నే ఎంచుకోవడానికి ముఖ్య కారణం అది చిన్నది కావడం: ఐదు జతల క్రోమోజోములు, సుమారు 12.5 కోట్ల బేస్‌లు (డీఎన్ఏ అక్షరాలు), అప్పటి లెక్క ప్రకారం 25,498 జన్యువులు. తీరా చదివి చూస్తే అంత చిన్న జీనోమ్‌లోనూ సగానికి పైగా భాగం రెండేసి చోట్ల కనిపించింది. అంటే అది ఒకప్పుడు మొత్తంగా రెట్టింపై, తర్వాత చిక్కిపోయిన జీనోమ్. అప్పటినుంచి కొత్తగా ఏ మొక్క జీనోమ్ చేతికొచ్చినా అడగవలసిన ప్రశ్నలు మూడు: ఎన్నిసార్లు రెట్టింపైంది, ఎప్పుడు, ఏయే మొక్కలతో కలిసి?

ఈ మూడింటికీ జవాబు రాబట్టే పద్ధతిని వేరుశనగ మీద చూపిస్తాను. అనంతపురం, మహబూబ్‌నగర్ చేలలో పండుతుందన్న అభిమానం ఒక కారణమే కానీ, అసలు కారణం వేరు. ఈ పంటలో మూడు వేర్వేరు వయసుల పెరుగుదలలు ఒకదాని కింద ఒకటి దాగి ఉన్నాయి. అన్నిటికన్నా అడుగున ఉన్నది గామా. 11 కోట్ల ఏళ్లకు పైబడిన ఆ ఘటనలో జీనోమ్ మూడింతలైంది. ద్విదళ బీజ మొక్కల్లో అత్యధిక భాగం దాని వారసులే. దాని మీద చిక్కుడు కుటుంబంలో సుమారు 5.8 కోట్ల ఏళ్ల నాడు జరిగిన రెట్టింపు. అన్నిటికన్నా పైన, రెండు అడవి జాతులు కలిసి నేటి సాగు వేరుశనగ పుట్టిన ఘటన. దాని వయసు పదివేల ఏళ్ల మాట. ఒక్కో పొరకు ఒక్కో రకం సాక్ష్యం కావాలి, ఒకదాని పనిముట్టు ఇంకొకదానికి పనికిరాదు.

లినక్సులో ఆదేశాలు ఇవ్వడం, ఫైళ్లు కోసి కలపడం వస్తే చాలు. ప్రొటీన్ల పోలిక వరకు మామూలు ల్యాప్‌టాప్ సరిపోతుంది.

మొదటి అంచె: జాతుల ఎంపిక, ముందే రాసిపెట్టుకునే నిష్పత్తులు

కంప్యూటర్ తెరవకముందే చేయవలసిన పని ఇది. ఎక్కువమంది దీన్నే దాటేస్తారు.

ఐదు జీనోములు తీసుకుందాం. సాగు వేరుశనగ తల్లిదండ్రులైన ఆరాకిస్ డ్యురానెన్సిస్ (ఏ జీనోమ్), ఆరాకిస్ ఇపయెన్సిస్ (బి జీనోమ్), సాగు వేరుశనగ, సోయాచిక్కుడు, ద్రాక్ష. అడవి జాతులు రెండింటికీ పదేసి జతల క్రోమోజోములు, సాగు రకానికి ఇరవై జతలు.

ఇందులో ద్రాక్షకేం పని అనిపించవచ్చు. ఈ పరిశోధనకు కొలబద్ద అదే. 2007లో వచ్చిన ద్రాక్ష జీనోమ్ గామా తర్వాత మరో రెట్టింపుకు లోనుకాలేదు. ఏడు క్రోమోజోముల పూర్వీకుడు మూడింతలై ఇరవై ఒకటైతే, ద్రాక్షలో నేటికీ పందొమ్మిది ఉన్నాయి; పాత కట్టడం పెద్దగా చెదరలేదు. కాబట్టి ద్రాక్షలోని ఒక ముక్కకు మరో ద్విదళ బీజ మొక్కలో ఎన్ని ముక్కలు సరితూగుతాయో లెక్కపెడితే, గామా తర్వాత ఆ మొక్క ఎన్నింతలైందో తెలిసిపోతుంది.

ఇప్పుడు కాగితం మీద అంచనాలు రాయండి. ద్రాక్షలో ఒక ముక్కకు అడవి వేరుశనగ ఒక్కోదానిలో రెండు. సోయాచిక్కుడులో నాలుగు, ఎందుకంటే చిక్కుడు కుటుంబపు రెట్టింపు తర్వాత దాని వంశంలో సుమారు 1.3 కోట్ల ఏళ్ల నాడు మరోసారి రెట్టింపు జరిగింది. సాగు వేరుశనగలోనూ నాలుగే. చూడటానికి సోయాచిక్కుడు, సాగు వేరుశనగ ఒకే నిష్పత్తి చూపిస్తాయి కానీ వాటి చరిత్రలకు పోలికే లేదు. నిష్పత్తి ఎన్నింతలైందో చెబుతుంది, ఎప్పుడన్నది చెప్పదు. ద్రాక్షను తనతో తానే పోలిస్తే ఒకే రకం ముక్క మూడు చోట్ల కనిపించాలి. గామానే శంకిస్తే అంబొరెల్లాను తెచ్చుకోండి. పూల మొక్కల మూలం తర్వాత సొంత రెట్టింపు లేదని 2013లో తేలిన ఆ మొక్కకు, ద్రాక్షకు మధ్య నిష్పత్తి ఒకటికి మూడు.

ముందే రాసుకోమనడం ఎందుకంటే, పటం చూశాక ఎవరికైనా తమకు కావలసిన గీతలే కనిపిస్తాయి.

రెండో అంచె: దత్తాంశాలు సేకరించి శుభ్రం చేయడం

ఫైటోజోమ్, ఎన్సెంబుల్ ప్లాంట్స్, ఎన్‌సీబీఐలతో పాటు వేరుశనగకు పీనట్‌బేస్, సోయాచిక్కుడుకు సోయ్‌బేస్ ఉన్నాయి. ప్రతి జాతికీ మూడు ఫైళ్లు కావాలి: ప్రొటీన్ వరుసలు, వాటి కోడింగ్ వరుసలు, జన్యువుల స్థానాలు చెప్పే జీఎఫ్‌ఎఫ్ ఫైలు. మూడూ ఒకే కూర్పు (ముక్కలుగా చదివిన డీఎన్ఏను అతికించి కట్టిన జీనోమ్) నుంచి, ఒకే విడుదల నుంచి రావాలి.

జీనోమ్ క్రోమోజోముల స్థాయికి కూర్చినదై ఉండాలి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ నాయకత్వంలో 2011 చివర్లో వచ్చిన కంది జీనోమ్ ముసాయిదా మంచి ఉదాహరణ. అంచనా పరిమాణం 83.3 కోట్ల బేస్‌లు కాగా కూర్చగలిగింది దాదాపు 73 శాతం. జన్యువుల జాబితాకు, సంకర విత్తన పరిశోధనకు అది పెద్ద ముందడుగు. కానీ జన్యువుల వరుసక్రమమే సాక్ష్యమైన చోట, ముక్కలు ముక్కలుగా ఉన్న కూర్పు ఉన్న రెట్టింపును కూడా దాచేస్తుంది. ఇలాంటి సందర్భంలో తర్వాత వచ్చిన మెరుగైన కూర్పునే వాడాలి.

ఒక జన్యువుకు ఒకే ప్రొటీన్ ఉంచండి. సాధారణంగా పొడవైనదాన్ని ఉంచుతారు. ఇది చేయకపోతే ఒకే జన్యువు రూపాంతరాలు ఒకదానికొకటి నకళ్లలా లెక్కలోకి వస్తాయి. ట్రాన్స్‌పోజాన్ల (జీనోమ్‌లో చోట్లు మారే డీఎన్ఏ ముక్కల) జన్యువులను తీసేయండి. పేర్లు మూడు ఫైళ్లలోనూ అక్షరం పొల్లుపోకుండా ఒకటేనా చూడండి. చివర్లో చేర్చిన చుక్క, అంకె వల్ల సగం జన్యువులు నిశ్శబ్దంగా రాలిపోవడం మామూలే. పనిముట్టు తప్పు చూపించదు, ఫలితం మాత్రం బక్కచిక్కి వస్తుంది.

తర్వాత జీనోమ్ ఎంత పూర్తిగా ఉందో చూసే బస్కో పనిముట్టును నడపండి. నేలమొక్కల జాబితాలో 1,614 జన్యువులున్న సంపుటి ఒకటుంది. మామూలుగా ఒక్కొక్కటే ఉండవలసిన జన్యువులవి. సాగు వేరుశనగలో వీటిలో అధికభాగం జంటలుగా రావడం సహజం. అడవి జాతిలో అలా వస్తే మాత్రం ఆగండి. తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు ప్రతులనూ కూర్పు వేర్వేరు జన్యువులుగా రాసి ఉంటుంది. దాన్ని సరిచేయకుండా ముందుకు వెళ్తే నిన్నమొన్న జరిగిన ‘కొత్త రెట్టింపు’ ఒకటి మీ చేతిలో పుడుతుంది.

మూడో అంచె: ప్రొటీన్ల పోలిక

డైమండ్ లేదా బ్లాస్ట్‌పీతో ప్రతి జీనోమ్‌నూ తనతోను, మిగతావాటితోను పోల్చండి. ఈ-విలువ (ఇలాంటి పోలిక యాదృచ్ఛికంగా ఎన్నిసార్లు రావచ్చన్న అంచనా) హద్దు 10⁻⁵. చాలా మార్గదర్శకాలు ఒక్కో జన్యువుకు అయిదు పోలికలు చాలంటాయి. సోయాచిక్కుడును తనతో పోల్చేటప్పుడు ఇది సరిపోదు. మొదటి పోలిక ఆ జన్యువు తనే. పక్కపక్కనే వరుసగా పుట్టిన నకళ్లు రెండు మూడుంటే అయిదు స్థానాలూ అక్కడే నిండిపోతాయి, మనం వెతుకుతున్న 5.8 కోట్ల ఏళ్ల నాటి జంటకు చోటు దొరకదు. పది పన్నెండు వరకు పెంచండి, వరుస నకళ్లను తర్వాత వడకట్టవచ్చు.

నాలుగో అంచె: సింటెనీ, అంటే వరుసక్రమం

ఈ పనికి ప్రాణం ఇక్కడే ఉంది. ఒక జన్యువుకు జంట ఉండటం ఏమీ నిరూపించదు. జన్యువులు ఒంటరిగానూ నకలవుతాయి, ఎగిరి వేరే చోట వాలుతాయి. ఇరవై జన్యువులు ఇక్కడున్న క్రమంలోనే అక్కడా ఉంటే మాత్రం ఆ రెండు ముక్కలూ ఒకే మూలానివని చెప్పక తప్పదు.

వరుసక్రమాన్ని వెతికే ఎంసీస్కాన్‌ఎక్స్‌కు రెండు ఫైళ్లు ఇవ్వాలి: పోలికల పట్టిక, నాలుగు నిలువు వరుసలకు కుదించిన స్థానాల పట్టిక (క్రోమోజోమ్, జన్యువు, మొదలు, చివర). మామూలు అమరికలో ఒక బ్లాకుకు (వరుసక్రమం నిలిచిన ముక్కల జంటకు) కనీసం అయిదు జన్యుజంటలు కావాలి, జంటల మధ్య ఇరవై అయిదు జన్యువుల వరకు ఎడం ఉండవచ్చు. పాత ఘటనలకు అయిదు చాలా ఉదారమైన హద్దు. పెద్ద జన్యు కుటుంబాలున్న చోట యాదృచ్ఛికంగానే అయిదు జంటలు వరుసలో పడతాయి. ఒకసారి అయిదుతో, మరోసారి పదితో నడిపి, రెండింటిలోనూ నిలిచే బ్లాకులనే నమ్మండి. పైథాన్ అలవాటున్నవారికి జేసీవీఐ అనే పనిముట్ల సంపుటి సులువు. వరుస నకళ్లను అదే వడకడుతుంది, చుక్కల పటం గీస్తుంది, ఒక ముక్కకు ఎన్ని ముక్కలు సరితూగాయో కూడా లెక్కవేసి ఇస్తుంది.

చుక్కల పటంలో ద్రాక్షను అడ్డంగా, అడవి వేరుశనగను నిలువుగా పెట్టండి. ప్రతి జంటా ఒక చుక్క. వరుసక్రమం నిలిచిన చోట చుక్కలు ఏటవాలు గీతగా కూడుకుంటాయి. గీత ఎదురు దిశకు వాలితే ఆ ముక్క తిరగబడిందని అర్థం. ద్రాక్ష క్రోమోజోమ్ మీద ఒక చోట వేలు పెట్టి నిటారుగా పైకి వెళ్లండి, ఎన్ని చిక్కని గీతలు తగిలాయో లెక్కపెట్టండి. రెండు తగలాలి. వాటితో పాటు పలుచని గీతలు కూడా కొన్ని కనిపిస్తాయి. గామా వల్ల ద్రాక్షలోనే ఆ ముక్కకు మరో ఇద్దరు తోబుట్టువులున్నారు, ఆ పలుచని గీతలు వాళ్ల వారసులవి. చిక్కనివాటిని, పలుచనివాటిని కలిపి ‘ఆరింతలైంది’ అని రాసేసిన వ్యాసాలు లేకపోలేదు. పోలిక బలాన్ని బట్టి వడకట్టే సీ-స్కోరును 0.7 కన్నా పెంచితే పలుచనివి తగ్గుతాయి.

ఇంకో తిరకాసు ఉంది. అడవి వేరుశనగను తనతో తానే పోల్చినప్పుడు 5.8 కోట్ల ఏళ్ల నాటి గీతలు చాలా బలహీనంగా, తెగి తెగి కనిపిస్తాయి. రెట్టింపైన తర్వాత రెండు ప్రతుల్లో చాలా జన్యువులు ఒక్కచోటే మిగిలి, రెండోచోట రాలిపోయాయి. ఒక తాళపత్ర గ్రంథానికి రెండు ప్రతులుండి, చెదలు ఒక్కోదానిలో వేర్వేరు ఆకులు తినేస్తే, ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టినా అవి ఒకే గ్రంథమని పోల్చుకోవడం కష్టం. చెక్కుచెదరని మూడో ప్రతి దొరికితే రెండింటి ఆకులూ దానిలో ఎక్కడివో తేలిగ్గా చెప్పవచ్చు. ద్రాక్ష ఆ మూడో ప్రతి. ద్రాక్ష ముక్కలో జన్యువులు 1 నుంచి 20 వరకు ఉంటే, వేరుశనగ ఒక ముక్కలో 1, 3, 4, 8, 11 మిగిలి, రెండోదానిలో 2, 5, 8, 9, 14 మిగిలి ఉండవచ్చు. నేరుగా పోలిస్తే ఈ రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది ఎనిమిదొక్కటే, ఏ పనిముట్టూ దాన్ని బ్లాకుగా గుర్తించదు. అందుకే తనతో తాను పోల్చి ‘రెట్టింపు లేదు’ అని తేల్చడం తొందరపాటు.

అయిదో అంచె: కేఎస్ లెక్క, దాన్ని నమ్మవలసిన మేర

ప్రొటీన్‌ను మార్చని బేస్ మార్పుల లెక్కే కేఎస్. ఎంపిక ఒత్తిడి వాటి మీద తక్కువ కాబట్టి అవి ఇంచుమించు కాలంతో పాటు పోగవుతాయి. సింటెనీ బ్లాకుల్లోని జంటలకే ఇది కట్టండి. ముందు ప్రొటీన్లను మాఫ్ట్‌తో పేర్చి, పాల్2నాల్‌తో ఆ పేర్పును కోడింగ్ వరుసల మీదికి మార్చి, పీఏఎంఎల్‌లోని వైఎన్00తో లెక్కించండి. ఒక్కో జంట విలువ కాకుండా ఒక్కో బ్లాకు మధ్యగతాన్ని తీసుకుంటే పటం స్థిమితంగా ఉంటుంది.

సింటెనీ లేకుండా జన్యు జంటలన్నిటికీ కేఎస్ కట్టి, పటంలో గుట్ట కనిపించగానే రెట్టింపు అని ప్రకటించడం ఈ రంగంలో పాత జబ్బు. సున్నా దగ్గర ప్రతి మొక్కకూ గుట్ట ఉంటుంది. అవి ఇటీవలి ఒంటరి నకళ్లు. కేఎస్ 2 దాటాక అదే స్థానం మళ్లీ మళ్లీ మారి ఉంటుంది కాబట్టి విలువలు గందరగోళం. ఇక పటాన్ని కొన్ని గుట్టల కలయికగా విడదీసే మిశ్రమ నమూనాలకు ఎన్ని గుట్టలు కావాలంటే అన్ని దొరుకుతాయి. నా తీర్పు సూటిగా చెబుతాను: వరుసక్రమం సమర్థించని కేఎస్ గుట్ట ఊహ మాత్రమే, వ్యాసంలో దాన్ని అలాగే రాయాలి.

వయసు కట్టే సూత్రం తేలిక: కేఎస్‌ను మార్పుల రేటుకు రెండింతలతో భాగించాలి. రెండు ప్రతులూ విడివిడిగా మారతాయి కాబట్టి రెండింతలు. వేరుశనగ ఏ, బి జీనోముల మధ్య కేఎస్ 0.035. స్థానానికి ఏడాదికి 8.12 × 10⁻⁹ అన్న రేటు వాడితే 21.6 లక్షల ఏళ్లు వస్తుంది. 2016లో అడవి జాతుల జీనోములతో పాటు వెలువడిన అంచనా ఇదే. అదే 0.035కు ఆవాల కుటుంబంలో వాడే 1.5 × 10⁻⁸ పెడితే 11.7 లక్షలు. గడ్డిజాతుల 6.5 × 10⁻⁹ పెడితే 26.9 లక్షలు. దత్తాంశం ఒక్కటే, జవాబులు రెండింతలకు పైగా తేడా. ఏ రేటు, ఎందుకు అన్నది రాయని తేదీకి విలువ లేదు.

అంతకన్నా పెద్ద పొరపాటు ఇంకొకటుంది. ఆ 21.6 లక్షల ఏళ్లు సాగు వేరుశనగ పుట్టిన కాలం కాదు. దాని తల్లిదండ్రుల జాతులు ఒకదాన్నొకటి విడిచిన కాలం. రెండు జాతుల కలయికతో ఏర్పడిన ఏ పాలీప్లాయిడ్‌లోనైనా (ఒకటికి మించి జీనోములు కలిసి ఉన్న మొక్కలోనైనా) జంట జన్యువుల కేఎస్ చెప్పేది విడిపోయిన తేదీనే. కలిసిన తేదీ కావాలంటే సాగు రకంలోని ఒక ఉపజీనోమ్‌ను (ఒక్కో అడవి జాతి నుంచి వచ్చిన భాగాన్ని) దాని సొంత అడవి మూలజాతితో పోల్చాలి. బొలీవియాలో దొరికిన ఆరాకిస్ ఇపయెన్సిస్‌కు, సాగు వేరుశనగ బి ఉపజీనోమ్‌కు డీఎన్ఏ పోలిక 99.96 శాతం. కలయికను లక్షల ఏళ్ల నుంచి వేల ఏళ్లకు దించింది ఈ పోలికే.

ఆరో అంచె: ఘటన ఎవరెవరిది?

వేరుశనగ, సోయాచిక్కుడు రెండింటిలోనూ పాత రెట్టింపు ఉంది. అది ఉమ్మడి పూర్వీకుడిలో ఒకసారి జరిగిందా, విడిపోయాక విడివిడిగా జరిగిందా? కేఎస్ పటాలు పక్కపక్కన పెడితే గుట్టలు ఒకే చోట ఉండవు. వేరుశనగ గుట్ట కుడివైపు జరిగి, పాత ఘటనలా కనిపిస్తుంది. నిజానికి వేరుశనగ వంశంలో ఇలాంటి మార్పులు సోయాచిక్కుడు వంశం కన్నా వేగంగా పోగయ్యాయి. ఒకే ఘటన రెండు గడియారాల్లో రెండు సమయాలు చూపిస్తోందన్నమాట. కేఎస్‌రేట్స్ అనే పనిముట్టు ఈ వేగాల తేడాను సవరించి, గుట్టను జాతులు విడిపోయిన తేదీల పక్కన పెట్టి చూపిస్తుంది.

నిర్ణయాత్మకమైన సాక్ష్యం మాత్రం జన్యు వృక్షాలది, అంటే జన్యు ప్రతుల వంశవృక్షాలది. ఆర్థోఫైండర్‌తో జన్యు కుటుంబాలు కట్టి, సింటెనీ నిలిచిన జంటల వృక్షాలు చూడండి. వేరుశనగ మొదటి ప్రతి సోయాచిక్కుడు ప్రతుల్లో ఒక జతతోను, రెండో ప్రతి మరో జతతోను గుంపు కడితే రెట్టింపు ముందు, విడిపోవడం తర్వాత. వేరుశనగ రెండు ప్రతులూ ఒకదానికొకటే దగ్గరైతే వ్యవహారం తలకిందులు. కొన్ని వృక్షాలు ఎప్పుడూ ఎదురు తిరుగుతాయి. ఒక ప్రతి మరోదాని వరుసను తుడిచి తనదిగా రాసే జన్యు మార్పిడి దానికొక కారణం. మెజారిటీ ఎటున్నదో, బలమైన కొమ్మల్లో ఎటున్నదో రెండూ చూడండి. చిక్కుడు కుటుంబంలో జవాబు ఉమ్మడి రెట్టింపే. కంది, శనగలు కూడా దాని వారసులే.

ఏడో అంచె: మిగిలినవేవి, రాలినవేవి

ఎంసీస్కాన్‌ఎక్స్‌లోని వర్గీకరణ పనిముట్టు ప్రతి జన్యువునూ ఒంటరి, చెదిరినది, సమీపస్థం, వరుస నకలు, మొత్తం జీనోమ్ రెట్టింపు వల్ల వచ్చినది అని విడదీస్తుంది. చివరి రెండు వర్గాలకూ విడివిడిగా ఏ పనుల జన్యువులు ఎక్కువున్నాయో పరీక్షించండి. ట్రాన్స్‌క్రిప్షన్ కారకాలు, సంకేత వ్యవస్థల ప్రొటీన్లు, రైబోజోమ్ భాగాలు జీనోమ్ రెట్టింపు తర్వాత జంటగా నిలుస్తాయి. తెగుళ్లను ఎదిరించే జన్యువులు వరుస నకళ్లుగా పెరుగుతాయి. భాగస్వాములతో కలిసి పనిచేసే ప్రొటీన్ల పాళ్లు చెడితే మొక్కకు నష్టం. అందరూ ఒకేసారి రెట్టింపైనప్పుడు ఒకదాన్నే పోగొట్టుకోవడం కష్టం, ఒకదాన్నే పెంచుకోవడమూ కష్టమే. 1970లో సుసుము ఓనో నకలు జన్యువు కొత్త పని నేర్చుకునే దారిని ముందుకు తెచ్చాడు. 1999లో వచ్చిన మరో వివరణ ప్రకారం రెండు ప్రతులూ పాత పనినే పంచుకుని, రెండూ తప్పనిసరై నిలుస్తాయి. వేరు, ఆకు, కాయ కణజాలాల్లో రెండు ప్రతుల వ్యక్తీకరణను పోలిస్తే ఏ జంట ఏ దారిన పోయిందో కొంతవరకు పట్టవచ్చు.

ఎనిమిదో అంచె: ఉపజీనోముల పొత్తు

మొక్కజొన్నలో, బ్రాసికా రాపాలో ఒక ఉపజీనోమ్ ఎక్కువ జన్యువులు నిలుపుకుంది, మిగతావి ఎక్కువ పోగొట్టుకున్నాయి. సోయాచిక్కుడులో అంత పక్షపాతం లేదు. సాగు వేరుశనగలో జన్యువులు రాలడానికి కాలమే చాలలేదు. అక్కడి కథ వేరు: ఏ, బి క్రోమోజోములు అప్పుడప్పుడు ముక్కలు మార్చుకున్నాయి. క్రోమోజోముల చివర్లలో కొన్నిచోట్ల ఏఏబిబి (ఏ రెండు, బి రెండు ప్రతులు) ఉండవలసింది ఏఏఏఏగానో బిబిబిబిగానో మారింది. ఏ జీనోమ్‌లోని ప్రతి జన్యువుకూ బిలో జత ఉండి తీరుతుందని భావించే ప్రతి పట్టికా ఈ చోట్ల తప్పు చూపిస్తుంది.

కాబట్టి జత కనిపించని ప్రతి జన్యువునూ ‘రాలిపోయింది’ అని రాయకండి. సాగు రకపు రీడ్లను (యంత్రం చదివిన డీఎన్ఏ ముక్కలను) రెండు అడవి జీనోములూ కలిపిన ఫైలు మీద పేర్చి లోతు, అంటే ఒక్కో చోట ఎన్ని రీడ్లు పడ్డాయో, చూడండి. ఏ వైపు లోతు రెండింతలై, బి వైపు సున్నా అయితే ముక్కల మార్పిడి. ఏ వైపు మామూలుగా ఉండి, బి వైపు మాత్రమే సున్నా అయితే జన్యువు నిజంగానే పోయింది. రెండు వైపులా లోతు మామూలుగా ఉంటే జన్యువు అక్కడే ఉంది, గుర్తింపు జాబితాలో ఎక్కలేదంతే. ఆ చోటును మినీప్రాట్‌తో ఏ వైపు ప్రొటీన్ పెట్టి వెతికి, దొరికితే జాబితాలో చేర్చి, ఏడో అంచె పట్టికలను మళ్లీ కట్టండి.